ఒక ప్రయాణ ప్రణాళిక

కారు పందెం చూడటానికి వెళ్ళే దారి గురించి ఈ పత్రికలో వ్యాసమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. పందేలు డబ్బున్నవాళ్ళ వినోదమనీ, వాటికి దారులు వెతకటం పనిలేనివాళ్ళ పని అనీ, మన సాహిత్యానికీ విమర్శకూ దీనితో సంబంధం లేదనీ అనవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాని 2023లో ఆ పని స్వయంగా చెయ్యవలసి వచ్చింది. ముప్పయ్యేళ్ళపాటు తరగతిలో అర్థశాస్త్రం పేరిట ఇతరులకు చెప్పిన పాఠం నాకు ఎంతవరకు వంటబట్టిందో అప్పుడు తేలిపోయింది. దాన్ని దాచుకోవటం కంటే చెప్పుకోవటమే మంచిదని ఇది రాస్తున్నాను.

ఆ యేడు ఫిబ్రవరి 11, శనివారం, హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. అది విద్యుత్తుతో నడిచే కార్ల ప్రపంచ పోటీ. 2014లో బీజింగులో మొదలైన ఆ పోటీ మన దేశానికి రావటం అదే మొదటిసారి. మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో మూడు టిక్కెట్లు కొన్నాడు. తలకు వెయ్యి రూపాయలవి, వున్నవాటిలో చవకవి. ఒకటి తనకు, ఒకటి నాకు, ఒకటి వాళ్ళ నాన్నకు.

వాళ్ళ నాన్న, అంటే మా బావ, ఆర్టీసీలో ఇరవయ్యెనిమిదేళ్ళు సిటీబస్సు నడిపాడు. 2019 అక్టోబరు 5 నుంచి 52 రోజులు సాగిన సమ్మెలో చివరిదాకా నిలబడ్డ మనిషి. ఆ మరుసటి సంవత్సరం రిటైరయ్యాడు. క్లచ్చి తొక్కితొక్కి ఆయన ఎడమ మోకాలు అరిగిపోయింది. జన్మంతా బండి నడిపిన తండ్రిని ఒక్కరోజు కూచోబెట్టి, ఇతరులు నడుపుతుంటే చూపించాలని కొడుకు కోరిక. అంతకన్నా మంచి కోరిక ఏముంటుంది? మోకాలి సంగతి ఆలోచించి కారులో పోదామన్నాం. నాకొక పాత కారున్నది. దారి నిర్ణయించే పని కూడా నా మీదే పడింది.

పెళ్ళికో తీర్థానికో దారి వెతకటం వేరు, వీధిలో జరిగే పందేనికి దారి వెతకటం వేరు. మామూలుగా రోడ్డు మనల్ని ఒక చోటికి చేరుస్తుంది. ఇక్కడ ఆ రోడ్డే పందెం జరిగే చోటు. మోటారు పందేలు పుట్టింది కూడా రోడ్ల మీదనే. 1903లో పారిస్ నుంచి మాడ్రిడ్‌కు వేసిన పందెంలో ప్రాణాలు పోవటంతో దాన్ని బోర్డో దగ్గర ఆపేశారు. ఇటలీలో మిల్లే మిలియా అనే పందెం 1957లో కారొకటి జనం మీదికి దూసుకుపోయిన తర్వాత పందెంగా అంతరించింది. 1907లో ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ కట్టింది మొదలు పందేలకు ప్రత్యేకంగా బాటలు వెలిశాయి. మన దేశంలో 2011 నుంచి 2013 దాకా మూడేళ్ళు ఫార్ములా వన్ జరిగింది కూడా అలాంటి బాట మీదనే, గ్రేటర్ నోయిడాలో. ఇప్పుడు విద్యుత్తు కార్లకు మోత తక్కువ, పొగ లేదు. అంచేత పందెం మళ్ళీ నగరం నడిబొడ్డుకు వచ్చింది. దాంతోపాటు పాత ప్రశ్న కూడా వచ్చింది: రోడ్డు ఎవరిది?

అప్పట్లో నాకు ఆ ప్రశ్న తోచలేదు. నాకు తోచిన ప్రశ్న ఒక్కటే: ఎల్.బి. నగర్ దాటి వున్న మా ఇంటినుంచి పందెం గేటుదాకా అందరికంటే ముందు ఎలా చేరటం?

నగరం పటం ముందు పెట్టుకున్నాను. హుస్సేన్‌సాగర్ పదహారవ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్విన చెరువు. అప్పుడది ఊరి బయట వుండేది. ఊరు పెరిగి పెరిగి దాన్ని చుట్టేసింది. ఇప్పుడు జంట నగరాల మధ్య రాకపోకలన్నీ ఆ నీళ్ళకు ఏదో ఒక పక్కనుంచి పోవలసిందే. తూర్పున టాంక్‌బండ్, దక్షిణాన ఎన్.టి.ఆర్. మార్గ్, పడమట నెక్లెస్ రోడ్డు. దానికి పి.వి. పేరు పెట్టినా జనం నోట నెక్లెస్ రోడ్డే. పందెం బాట సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్.టి.ఆర్. గార్డెన్, ఐమాక్స్ సినిమాహాలు మధ్య చుట్టుకొని వున్నది. నిడివి 2.8 కిలోమీటర్ల పైచిలుకు, మలుపులు 18. వినటానికి చిన్న బాటే. కాని చెరువు కింద ఆ ముక్క మూసుకుంటే, దాని మీదుగా పోయే బండ్లన్నీ ఖైరతాబాదు, పంజగుట్ట, బషీర్‌బాగ్, రాణీగంజ్ మీద పడతాయి. ఒక ముడి బిగిస్తే తాడంతా బిగుసుకున్నట్టు.

ఇలాంటి ప్రయాణానికి దారిని ఇంటినుంచి మొదలుపెట్టి గీయకూడదు. గేటునుంచి వెనక్కు గియ్యాలి. మన గేటు చెరువుకు ఏ పక్కన వుందో ముందు చూసుకోవాలి. తప్పు పక్కకు చేరామంటే కళ్ళెదుట కనిపించే చోటికి ఐదు కిలోమీటర్లు చుట్టి రావాలి. తర్వాత కారు ఎక్కడ వదలాలో తేల్చుకోవాలి. గేటుకు దగ్గరగా వదిలిన కారు పోయేటప్పుడు సుఖం, వచ్చేటప్పుడు నరకం. ఎందుకంటే పోయేవాళ్ళు పొద్దుటినుంచి విడతలు విడతలుగా పోతారు, తిరిగి వచ్చేవాళ్ళు ఒక్కుమ్మడిగా వస్తారు. అడ్డంకులు లేని రోడ్డు మీద ఒక వరుసలో గంటకు దాదాపు 2,000 కార్లకు మించి పోలేవు. కారుకు ఇద్దరనుకుంటే 4,000 మంది. ఇరవై వేలమంది ఒకేసారి బయటికి వస్తే ఆ ఒక్క వరుసకు ఐదు గంటల పని.

ఇదంతా లెక్కవేసి నోటుపుస్తకంలో నాలుగు దారులు రాశాను. ఒకటి: దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠీ, నాంపల్లి. రెండు: చాదర్‌ఘాట్ నుంచి కాచిగూడ, నారాయణగూడ, హిమాయత్‌నగర్. మూడు: నాగోలు, ఉప్పల్, తార్నాక, సికిందరాబాదు మీదుగా ఉత్తరం పక్కనుంచి. నాలుగు: ఆరాంఘర్‌కు పోయి, అక్కడ 2009లో తెరిచిన 11.6 కిలోమీటర్ల పొడుగు వంతెన ఎక్కి, మెహదీపట్నంలో దిగి మాసాబ్‌టాంక్ మీదుగా. ఏయే రోడ్లు మూస్తున్నారో పత్రికల్లో ప్రకటనలు వచ్చాయి. అవన్నీ కత్తిరించి అంటించాను. ఏ కూడలి దగ్గర ఎన్నింటికి వుండాలో నిమిషాలతో సహా వేశాను. నాంపల్లిలో ఒక మిత్రుడి ఇంటి ఆవరణలో కారు పెట్టుకోవటానికి మాట తీసుకున్నాను. చివరకు మొదటి దారే ఖాయం చేశాను. ఆ నోటుపుస్తకం చూసుకుని నాకు కొంత గర్వం కలిగిన మాట వాస్తవం.

బావకు చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఓపికగా నాలుగు పేజీలూ చూశాడు.

"మంచిగనే రాసినవ్ బామ్మర్దీ. గని ఇదంత నీ ఒక్క కారు కోసం రాసినవ్. గిట్ల రాసెటోళ్ళు ఎంతమంది ఉంటరు?"

"ఎవరి తెలివి వాళ్ళది బావా."

"గదే మరి. బస్సుకు ఒక రూటుంటది. ఇయ్యాల ఈ రోడ్డు ఖాళీ ఉన్నదని డ్రైవరు ఆ రోడ్డు మీదికి తోలడు. ఆడ స్టాపుల నిలబడ్డోళ్ళు ఏమైతరు? కారుకు రూటుండదు. దానికి ఎటు బుద్ధి పుడితే అటు."

నేను నవ్వి వూరుకున్నాను. కాని ఆయన బస్సు భాషలో చెప్పినదాన్నే పండితులు గణితంలో చెప్పారు. ప్రతి ప్రయాణికుడూ తనకు త్వరగా చేరే దారినే ఎంచుకుంటూ పోతే, వాడుకలో వున్న దారులన్నిటికీ చివరికి ఒకే కాలం పడుతుందనీ, ఇక ఎవరు దారి మార్చినా వాళ్ళకు లాభం వుండదనీ 1952లో వార్డ్రాప్ అనే ఆంగ్లేయుడు సూత్రీకరించాడు. ఆ స్థితి అందరికీ కలిపి మేలైన స్థితి కానక్కరలేదు. 1968లో బ్రేస్ అనే జర్మన్ గణితవేత్త ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఎవరి దారి వాళ్ళు చూసుకునే చోట, వున్న రోడ్లకు తోడు కొత్త రోడ్డు వేస్తే ఒక్కొక్కసారి అందరి ప్రయాణమూ ఆలస్యమవుతుందని నిరూపించాడు. ఎవరి లాభం వాళ్ళు చూసుకుంటే అందరికీ మేలు జరుగుతుందనే సిద్ధాంతాన్ని నేను తరగతిలో ఎన్నిసార్లో ఖండించాను. దానికి రోడ్డు మీద ఇంతకన్నా మంచి ఖండన లేదు. అయినా నా నోటుపుస్తకం ఆ సిద్ధాంతం మీదనే నిలబడి వుంది. ఇతరులెవరికీ ప్రణాళిక లేదనుకుంటేనే నా ప్రణాళిక పనిచేస్తుంది. మనలో చాలామంది మధ్యతరగతి మేధావుల పరిస్థితి ఇదే. సమష్టిని గురించి ఉపన్యసిస్తాం. ఇంటికి పోయి సొంత దారి పటం గీసుకుంటాం.

ఆ రోజు పది గంటలకు బయలుదేరాం. చాదర్‌ఘాట్ దాకా నా నిమిషాలు తప్పలేదు. కోఠీ దాటేసరికి తప్పాయి. నాంపల్లిలో నిలబడిపోయాం. ముందూ వెనకా నాలాంటివాళ్ళే. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేతిలో ఫోనులో పటం. పదిహేను కిలోమీటర్లకు రెండు గంటలు పట్టింది. మిత్రుడి ఇంట్లో కారు పెట్టి, బావ కోసం ఆటో మాట్లాడాను. లకిడికాపూల్ దగ్గర ఆటో ఆగిపోయింది. ఇక ముందుకు పోనివ్వరు.

అక్కడ బస్సుస్టాపులో ఒక ముసలమ్మ నిలబడి వుంది. చేతిలో టిఫిను క్యారియరు, చంకలో గుడ్డసంచి. మమ్మల్ని కాదు, బావను అడిగింది. ఆయన ముఖంలో ఏదో కనిపించి వుంటుంది.

"సికిందరబాదు బస్సు ఈడనే ఆగుతది గద బిడ్డా?"

"ఏడికి పోవాలమ్మా?"

"గాంధి దవాఖాన. మా బిడ్డ కాన్పయింది. బువ్వ తీస్కపోతున్న. గంటసేపాయె, ఒక్క బస్సు రాలె."

"ఇయ్యాల బస్సులు ఇటు రావమ్మా. రోడ్డు బందు పెట్టిండ్రు."

"ఎవలన్న మంత్రి వస్తున్నడా?"

"మంత్రి గాదమ్మా. కార్ల పందెం."

ఆమె ఇంకేమీ అనలేదు. క్యారియరును ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది.

నేను జేబులోనుంచి నోటుపుస్తకం తీశాను. ఆమెకు దారి చెప్పాలని నిజంగానే అనుకున్నాను. మూసిన రోడ్లున్నాయి, కూడళ్ళున్నాయి, కారు పెట్టే చోట్లున్నాయి, నిమిషాలున్నాయి. కాని ఆ నాలుగు పేజీల్లో ఒక్క బస్సు నెంబరు లేదు. ఏ బస్సును ఎటు మళ్ళించారో, అది ఎక్కడ ఆగుతుందో నేను ఏ ప్రకటనలోనూ వెతకలేదు. వెతకాలన్న ఆలోచనే రాలేదు. స్టాపులో కూడా అది చెప్పే కాగితం ముక్క కనిపించలేదు.

బావ కళ్ళు మూసుకుని క్షణం ఆలోచించాడు. స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు కొంచెం కదిలాయి. "టాంక్‌బండు మీదికి ఇటునుంచి పోనియ్యకుంటే బషీర్‌బాగ్ దిక్కు తిప్పి ఉంటరు. గని ఈమె ఆడిదాక నడవాలె. ఆడ ఆపుతడో ఆపడో" అన్నాడు. తర్వాత తల ఎత్తి పైన మెట్రో వంతెన చూశాడు. లకిడికాపూల్‌లో ఎక్కి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దగ్గర మారితే, 2020లో తెరిచిన జె.బి.ఎస్. లైనులో గాంధీ ఆసుపత్రి పేరుతోనే స్టేషనుంది. అది నాకూ తెలుసు. కాని నేను ఆ రోజంతా కారులో ఆలోచిస్తున్నాను.

ముసలమ్మ ఎన్నడూ మెట్రో ఎక్కలేదు. కదిలే మెట్లంటే భయం. మధ్యలో బండి మారటమంటే ఇంకా భయం. "నేను తోలుకపోత పా అమ్మా" అన్నాడు బావ. మేనల్లుడి ముఖం చిన్నబోయింది. "నేను పోతా నాయినా, నువ్వు మామతోని పో" అన్నాడు. "నువ్వు కొనుక్కున్నవు, నువ్వు చూడు. నాకు ఈ పని కొత్తనా?" అని బావ ఆమె సంచి అందుకుని, కుంటుకుంటూ లిఫ్టు వైపు నడిచాడు.

నేను పోతానని నేను అనలేదు. అనే లోపల వాళ్ళు వెళ్ళిపోయారని చాలారోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. అనటానికి కావలసినంత వ్యవధి వున్నది.

పందెం మూడు గంటలకు మొదలయింది. బాగుందని ఒప్పుకోవాలి. నచ్చినదాన్ని నచ్చలేదని రాయటం విమర్శ కాదు. గోడల మధ్య ఇరుకు సందుల్లాంటి మలుపులు, ఈల వేసినట్టు సన్నని మోత. పక్కనే అప్పటికింకా ఆవిష్కరణ జరగని 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం. ఏప్రిల్ 14న దాన్ని ఆవిష్కరించారు. 33 చుట్లు, 90 కిలోమీటర్ల పైచిలుకు దూరం, ముప్పావుగంటలో అయిపోయింది. ఈ పందెంలో కేవలం వేగంగా పోయేవాడు గెలవడనీ, అందరికీ ఇచ్చే విద్యుత్తుకు హద్దు వుంటుందనీ, బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తిని తిరిగి బ్యాటరీలోకి రాబట్టుకుంటూ పొదుపుగా నడపాలనీ మేనల్లుడు వివరించాడు. జాన్ ఎరిక్ వెర్న్ అనే ఫ్రెంచివాడు చివరి చుట్లలో వెనకనుంచి తరుముతున్న కాసిడీని దాటనివ్వకుండా గెలిచాడు. శక్తిని లెక్కచూసి వాడటం మీద ఇంత శాస్త్రం పెరిగింది. ఆ శాస్త్రం నాకు గౌరవనీయంగానే కనిపించింది. కాని మా ఇద్దరి మధ్య ఖాళీ కుర్చీ వుంది. మేనల్లుడు మాట్లాడుతూ మాట్లాడుతూ అటు తిరిగి ఆగిపోయేవాడు.

రెండు గంటల వేళ బావ ఫోను చేశాడు. ముసలమ్మను ఆసుపత్రి వార్డుదాకా దింపాననీ, మోకాలు గుంజుతున్నదనీ, ఇంటికి పోతున్నాననీ చెప్పాడు. మేము నాంపల్లి చేరి, కారు తీసి, అందరితోపాటు ఇరుక్కుని ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదయింది. బావ అప్పటికి మోకాలికి కాపడం పెట్టుకుని, అన్నం తిని కూచున్నాడు. "ఎట్లయ్యింది పందెం?" అని కొడుకును ఎంతో ఆసక్తిగా అడిగాడు. ఆ అడగటంలో ఎత్తిపొడుపు లేదు. తన టిక్కెట్టు వృథా అయినందుకు కొడుకు నొచ్చుకుంటుంటే, "ఇరువై ఎనిమిదేండ్లు ఎక్కినోళ్ళను దించుడే నా పని. ఇయ్యాల ఒక్కతే ఎక్కింది" అన్నాడు.

ఆ తర్వాత సంగతులు తెలిసినవే. 2024 ఫిబ్రవరి 10న జరగవలసిన రెండవ పందెం జనవరిలోనే రద్దయింది. ఆ రెండవ పందెం కోసం జరిగిన చెల్లింపుల మీద ఆ డిసెంబరులో కేసు నమోదయింది. ఆ తగాదా తేల్చవలసింది న్యాయస్థానాలు. పందెం రావటం మంచిదా, పోవటం మంచిదా అన్నది కూడా నా విషయం కాదు. వినాయక నిమజ్జనానికి ఏటా అవే రోడ్లు మూస్తారు. రేపు ఇంకో ఆటకో ఉత్సవానికో మూస్తారు. నగరమన్నాక జనం గుమిగూడే సందర్భాలు వుండాలి. రోడ్డు మూయటమే తప్పని వాదించేవాళ్ళతో నేను ఏకీభవించను.

నేను చెప్పదలచింది ఒక్కటే. ప్రణాళిక అనే మాటను మనం చాలా తేలికగా వాడుతున్నాం. ఒక మనిషి తన కారుకు దారి చూసుకోవటం ప్రణాళిక కాదు. అది వేల కార్ల విషయంలో వేల విడివిడి ఎత్తుగడలు మాత్రమే, వాటి మొత్తం పేరు ట్రాఫిక్. రోడ్డు మూస్తున్నప్పుడు మొట్టమొదట బస్సు ఎటు పోతుందో నిర్ణయించి, ఆ సంగతి ఏ స్టాపులో మనుషులు నిలబడతారో ఆ స్టాపులో తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి, చదవలేనివాళ్ళకు చెప్పటానికి ఒక మనిషిని నిలబెట్టి, ఆ తర్వాత కార్ల సంగతి చూస్తే దాన్ని ప్రణాళిక అనవచ్చు. దానికి పెద్ద శాస్త్రం అక్కరలేదు. కారుకు తండ్లాడిన 15 కిలోమీటర్ల దూరంలో ఎల్.బి. నగర్ నుంచి లకిడికాపూల్ దాకా మెట్రో అరగంటలో పోతుంది. మూడు పెట్టెల రైలొకటి సుమారు వెయ్యిమందిని మోస్తుంది. వున్నవాటిని ఎవరికోసం వాడాలి, ఎవరిని ముందు లెక్కపెట్టాలి అన్నదే ప్రశ్న. టిక్కెట్టు కొన్నవాణ్ణా, కొననివాణ్ణా?

ఆ ప్రశ్నకు జవాబు నా తరగతిలో ఎప్పుడూ సిద్ధంగా వుండేది. నా నోటుపుస్తకంలో లేదు. మన తరగతికీ మన నోటుపుస్తకానికీ మధ్య ఎంత దూరముందో ఉపాధ్యాయులమైనవాళ్ళం అప్పుడప్పుడు కొలుచుకోవాలి. విద్యార్థులు మనల్ని అడిగి కొలిపించాలి. ఆ దూరం తగ్గించుకోకుండా మనం రాసే విమర్శ, చదువుకున్నవాళ్ళు చదువుకున్నవాళ్ళకు చెప్పుకునే అడ్డదారి అవుతుందేగాని, బస్సుస్టాపులో క్యారియరు పట్టుకుని నిలబడ్డ మనిషికి ఏ విధంగానూ పనికిరాదు.